వాగు బాగుపడితే వాటా ఎవరికి?

(వికారాబాద్, తాండూరు ప్రాంతాల మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం ‘ప్రజల భాగస్వామ్యంతో చెరువుల, వాగుల పునరుద్ధరణ’. పునరుద్ధరణ గురించి ఇంజనీర్లు చాలా చెప్పారు. నేను భాగస్వామ్యం అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. ఒకటి భాగం, రెండోది స్వామ్యం. పూడిక తియ్యడంలో, కట్ట మీద మట్టి పొయ్యడంలో, మొక్కలకు నీళ్ళు మొయ్యడంలో స్త్రీలకు భాగం బాగానే దొరికింది. ఆ చెరువు ఎట్లా వుండాలి, అందులో పెరిగింది ఎవరికి చెందాలి అని తేల్చే స్వామ్యం మాత్రం దొరకలేదు. ఈ రెండింటి మధ్య వున్న దూరం గురించే ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నాను.

ముందు మనం కూర్చున్న నేల సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పారి, హైదరాబాద్ నగరం దాటి, దాదాపు 240 కిలోమీటర్లు నడిచి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇదే గట్టుకు పడమటి దిక్కున పడిన వాన కాగ్నాలో చేరుతుంది. కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటంగా వెలిగిన మళ్ఖేడ్ పక్కనుంచి సాగి భీమానదిలో పడుతుంది. ఆ భీమా కూడా చివరికి కృష్ణలోనే కలుస్తుంది. ఒకే గట్టు మీద పడిన వాన రెండు దిక్కులకు విడిపోయి మళ్ళీ ఒకే నదికి చేరుతుందన్నమాట. అందుకే ఇక్కడ ఒక ఒర్రె చెడితే ఆ చెడుగు మన ఊరి పొలిమేరతో ఆగదు. ఇది మెట్ట ప్రాంతం. 1967లో కట్టిన కోట్‌పల్లి ప్రాజెక్టు లాంటివి కొన్ని తీసేస్తే, ఊళ్ళను ఆదుకునేవి చెరువులు, కుంటలు, వాగులు, వాటి నుంచి నీరు ఊరే బావులే.

ప్రభుత్వ కాగితాల్లో ‘చిత్తడి నేలలు’ అనే మాట వుంటుంది. ఊళ్ళో ఎవరూ ఆ మాట వాడరు. శిఖం అంటారు, వాగొడ్డు అంటారు, అలుగు కింద జాలు పట్టిన నేల అంటారు. నీళ్ళూ కాదు, పొలమూ కాదు అనిపించే ఈ తడి అంచు మీద ఎవరి బతుకు ఆధారపడి వుందో చూడండి. నీళ్ళు వెనక్కి తగ్గిన కొద్దీ బయటపడే శిఖంలో మేకలకు, బర్రెలకు మేత దొరుకుతుంది. పొన్నగంటి కూర దొరుకుతుంది. తుంగ దొరుకుతుంది. ఒడ్డునున్న ఈత చెట్ల ఆకుతో చాపలు, చీపుర్లు అవుతాయి. కుమ్మరి ఇంటికి మట్టి, చాకలి ఇంటికి రేవు, బెస్త, ముదిరాజ్ కుటుంబాలకు చేపలు ఇక్కడివే. వల విసిరేది మగవాళ్ళయితే తట్ట నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. ఎండాకాలంలో వాగు ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీటిని చిప్పతో బిందెలోకి ఎత్తేదీ వాళ్ళే. తొమ్మిది రోజులు ఆడిన బతుకమ్మను సాగనంపేది కూడా ఈ నీళ్ళలోకే.

వీటిలో దేనికీ పట్టా వుండదు. అనుభవం వుంటుంది, హక్కు పత్రం వుండదు. ఆర్థికశాస్త్రవేత్త ఎన్.ఎస్. జోధా 7 రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 82 గ్రామాలను పరిశీలించి 1986లో ప్రచురించిన అధ్యయనం మనకు ఇప్పటికీ పనికొస్తుంది. ఉమ్మడి వనరుల నుంచి పేద కుటుంబాలకు అందేది వాళ్ళ ఆదాయంలో 14 నుంచి 23 శాతం దాకా వుందని ఆయన లెక్కగట్టారు. 1950ల మొదటినుంచి 1980ల మొదటి వరకూ, అంటే సుమారు ముప్ఫై ఏళ్ళలో, ఆ ఉమ్మడి నేలల్లో మూడో వంతు నుంచి సగం దాకా తరిగిపోయాయని కూడా చూపించారు. భూమి వున్నవాడికి చెరువు అంటే తూము నుంచి వచ్చే నీళ్ళు. భూమి లేని ఆమెకు చెరువు అంటే అంచున దొరికే వంద చిన్న వస్తువులు. మన పథకాలన్నీ మొదటి చెరువును బాగుచేశాయి. రెండో చెరువును గుర్తించలేదు.

ఇది ఎవరో ఒక అధికారి నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. చట్టాల అల్లికలోనే వుంది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచమంతా దాన్ని ప్రజాస్వామిక సంస్కరణగా మెచ్చుకుంది. ఆ సంఘాల్లో ఓటు ఎవరికి? ఆయకట్టు కింద భూమి వున్నట్టు రికార్డుల్లో పేరున్న యజమానికి, కౌలుదారుకి. పట్టా ఎవరి పేరున వుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. భర్త పేరున, మామ పేరున, కొడుకు పేరున. నాటు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది ఆమె. కానీ ఆ సంఘంలో ఆమెకు ఓటు లేదు. ఇక చాకలి రేవుకు, చేపలమ్మే ఆమెకు, మేకలు కాసే పిల్లకు కూడా ఆ సంఘంలో ఓటు లేదు. బీనా అగర్వాల్ దక్షిణాసియా అటవీ సంఘాల మీద 2001లో రాసిన వ్యాసంలో ఈ పరిస్థితికి ఒక పేరు పెట్టారు. భాగస్వామ్యం పేరుతోనే జరిగే వెలివేత అని దాని అర్థం. మన చెరువులకు అది అక్షరాలా సరిపోతుంది.

తెలంగాణ ఏర్పడ్డాక 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. 46,531 చెరువులు, కుంటలు బాగుచెయ్యాలన్నది లక్ష్యం. ‘మన ఊరు - మన చెరువు’ అన్నది దాని నినాదం. చాలా చెరువుల్లో దశాబ్దాల పూడిక కదిలింది, దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ ఒక్క నిబంధన చూడండి. ప్రభుత్వం పూడిక తవ్వి పోస్తుంది, పొలానికి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకోవాలి. ఒండ్రుమట్టి ఎరువుతో సమానం. అది ఎవరి పొలానికి చేరుతుంది? ట్రాక్టరున్నవాళ్ళకు, కిరాయి పెట్టుకోగలిగినవాళ్ళకు. చౌక నేలలో, రాళ్ళ నేలలో అసైన్‌మెంట్ పట్టా వున్న దళిత స్త్రీ ఆ మట్టి గుట్టను చూస్తూ నిలబడాలి. ఎక్కువ అవసరం ఆమె నేలకే. నిబంధనలో ఆడ అని గానీ మగ అని గానీ ఎక్కడా లేదు. ఫలితంలో మాత్రం వుంది. జెండర్ దృష్టితో చూడడమంటే ఇట్లా నిబంధనలో కనపడనిదాన్ని ఫలితంలో వెతకడం.

ఉపాధి హామీ సంగతి ఇంకొక రకం. 2005 చట్టం కింద మొదటి విడతలో, 2006 నుంచే పని మొదలైన జిల్లాల్లో ఈ ప్రాంతం అప్పుడున్న రంగారెడ్డి జిల్లా కూడా ఒకటి. చెరువు పూడికలు, ఫీడరు కాల్వలు, ఊటకుంటలు చాలావరకు ఆ పని కిందే జరిగాయి. మూడో వంతు పని స్త్రీలకివ్వాలని చట్టం అంటే, ఆచరణలో సగానికి పైగా పని వాళ్ళే చేశారు. అంటే ఈ కాలంలో మన చిత్తడి నేలల పునరుద్ధరణకు చెమటోడ్చింది ఎక్కువమంది ఆడవాళ్ళే. కానీ ఏ కుంట తవ్వాలో, ఎక్కడ తవ్వాలో తీర్మానించే చోట వాళ్ళు కూలీలుగానే మిగిలారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. కొత్త ఏర్పాటులో నీటి పనుల ఎంపికలో కూలి చేసే స్త్రీల మాటకు చోటెంత అన్నది మనం మొదటినుంచే అడగాలి. నాలుగేళ్ళు ఆగితే అది ఆనవాయితీ అయిపోతుంది.

ఇంతకంటే మెరుగ్గా జరిగిన చోట్లు లేవా? వున్నాయి. రెండు మనకు దగ్గర్లోనే వున్నాయి.

ఒకటి శంకర్‌పల్లి మండలం కొత్తపల్లి. 1999లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, క్రీడా సంస్థ, జిల్లా కరువు ప్రాంత కార్యక్రమం, ఎం.వి. ఫౌండేషన్, గ్రామస్తులు కలిసి 465 హెక్టార్ల పరివాహక ప్రాంతంలో పని మొదలుపెట్టారు. చెక్‌డ్యాములు కట్టారు, ఒర్రెలకు అడ్డుకట్టలు వేశారు, వాడకుండా వదిలేసిన పాత బావుల్లోకి వాన నీటిని మళ్ళించారు. భూగర్భ జలం పెరిగింది. స్త్రీల సంఘాలు వానపాముల ఎరువు తయారీ చేపట్టాయి. శాస్త్రజ్ఞానం, ప్రభుత్వ డబ్బు, ఊరి శ్రమ ఒకచోట కలిస్తే ఏమవుతుందో కొత్తపల్లి చూపింది. అయితే పెరిగిన నీరు బోరు వున్నవాడి చేలోనే బయటికి వస్తుంది. భూమి లేని స్త్రీకి దక్కింది ఎరువు అమ్మకం మీద వచ్చే ఆదాయం. అది చిన్నదేం కాదు. అయినా నీటిలో వాటా, నీటితో వచ్చిన సంపాదనలో వాటా ఒకటి కావు.

రెండోది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్ళు బీడు భూములు సాగులోకి తెచ్చారు, ఊరి బంజర్లలో చెట్లు పెంచారు, విత్తనాన్ని తమ చేతిలో వుంచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు వచ్చింది. అది చెరువుల కథ కాదు, నేల కథ. కానీ మనకు కావలసిన పాఠం అందులో వుంది. అక్కడ సభ్యత్వానికి ఆధారం పట్టా కాదు. పేదరాలు కావడం, పనిచెయ్యడం, సంఘంలో కూర్చుని మాట్లాడడం. సభ్యత్వపు నియమం మారితే పునరుద్ధరణ రూపమే మారుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్త్రీలకు ప్రకృతితో సహజంగానే ప్రత్యేకమైన అనుబంధం వుందనే వాదన 1980ల చివర్లో బలంగా వచ్చింది. వందనా శివ 1988లో రాసిన పుస్తకం దానికి ముఖ్యమైన ఉదాహరణ. బీనా అగర్వాల్ 1992లో దాన్ని ప్రశ్నించారు. స్త్రీకి అడవితో, నీటితో వున్న సంబంధం ఆమె పుట్టుక నుంచి రాలేదు, శ్రమ విభజన నుంచి, ఆస్తి లేకపోవడం నుంచి వచ్చిందన్నారు. నేను ఈ రెండో వైపు వున్నాను. ప్రకృతి ప్రేమ స్త్రీ స్వభావం అంటే చెరువు కాపలా కూడా జీతం లేని ఇంటిపనిలో మరొకటై కూర్చుంటుంది. కెన్యాలో వంగారి మథాయ్ 1977లో మొదలుపెట్టిన ఉద్యమంలో బతికిన ప్రతి మొక్కకూ పెంచిన స్త్రీకి కొంత డబ్బు ఇచ్చారు. ప్రేమను పొగిడి ఊరుకోకుండా శ్రమకు విలువ కట్టారు. అట్లాగే స్త్రీలందరినీ ఒకే గాటన కట్టలేం. ఆయకట్టు కింద ఐదెకరాలున్న ఇంటి కోడలికి, శిఖంలో మేకలు మేపే ఆమెకు చెరువు నిండా నీళ్ళుండడం ఒకే రకం మేలు చెయ్యదు. రేవు దగ్గర కులం ఇంకా వుంది. ఆ తేడాలను దాచిపెడితే మన సంఘాల్లో కూడా గొంతున్న వాళ్ళ మాటే ఊరి మాట అయిపోతుంది.

ఇప్పుడు, స్త్రీల అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటే పునరుద్ధరణ పనిలో ఏం మారుతుందో చూద్దాం. యంత్రంతో చెరువును నాలుగు వైపులా ఒకే లోతుకు నిటారుగా తవ్వితే నీటి నిల్వ పెరగొచ్చు. కానీ మెల్లగా వాలే లోతు తక్కువ అంచు పోతుంది. తొలకరి వరదకు చేపలు గుడ్లు పెట్టేది ఆ గడ్డి అంచులోనే. తుంగ, జమ్ము వరదతో వచ్చే మట్టిని వడగట్టేదీ, కట్టను అలల దెబ్బ నుంచి కాచేదీ అక్కడే. బర్రె దిగడానికీ, బిందె ముంచడానికీ వాలు కావాలి. నిటారు గోతులు పిల్లల ప్రాణాలకు కూడా ప్రమాదం. గుర్రపుడెక్క తియ్యాల్సిందే, కానీ దాంతో పాటు తుంగను కూడా చెత్త కింద ఊడ్చేస్తే చెరువు గిన్నె మిగులుతుంది, చెరువు మిగలదు. వాగొడ్డున తెల్లమద్ది, కానుగ, వావిలి, ఈత వుంటే వేళ్ళు ఒడ్డును పట్టి వుంచుతాయి. వాటిని కొట్టి రాతి గోడ కట్టి, పైన నడకదారి వేస్తే ఫొటోకు బాగుంటుంది.

ఇసుక సంగతీ అంతే. వాగులో ఇసుక వానాకాలపు నీటిని దాచుకునే దూది లాంటిది. ఇసుక రేణువుల మధ్య దాగిన నీరే ఎండాకాలంలో చెలిమెలోకి, ఒడ్డు బావిలోకి వస్తుంది. కాగ్నా ఇసుక లారీ ఎక్కితే చెలిమె పోతుంది. అప్పుడు బిందెతో ఇంకొంత దూరం నడిచేది ఎవరో మనకు తెలుసు. తాండూరులో నాపరాయి కోసి పాలిష్ పట్టే పని వేలమందికి తిండి పెడుతోంది. ఆ పనిలో స్త్రీలూ వున్నారు. రాయి అరిగినప్పుడు వచ్చే తెల్లటి బురదను వాగు దారుల్లో పోస్తే అది ఆరి గట్టిపడి నేలలోకి నీరు ఇంకకుండా చేస్తుంది. పని కావాలా, వాగు కావాలా అని మనల్ని అడగడం న్యాయం కాదు. ఆ బురద ఎక్కడ పొయ్యాలో, ఖర్చు ఎవరు భరించాలో తేల్చాలని అడగడమే న్యాయం.

చట్టం మనకెంత తోడుంటుంది? 1971 నాటి రామ్‌సార్ అంతర్జాతీయ ఒప్పందం మనిషి చేసిన చెరువులను, వరి మళ్ళను కూడా చిత్తడి నేలల్లో చేర్చింది. మన దేశం 1982లో అందులో చేరింది. కానీ 2017లో కేంద్రం చేసిన చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహాలను, వరి మళ్ళను, తాగునీటి కోసం, సాగు కోసం తవ్విన చెరువులను నిర్వచనం నుంచి తీసేశాయి. తెలంగాణలో వాగూ చెరువూ పోతే ఇంక మిగిలేదేమిటి? అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దేశంలో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలకు పాత 2010 నిబంధనల్లోని రక్షణ సూత్రాలు వర్తింపజెయ్యాలని ఆదేశించింది. మన ఊరి చెరువు ఆ జాబితాలో వుందా అని అడగడం మన చేతిలో పని. 2002 నాటి నీరు, భూమి, చెట్టు చట్టం, మనం ‘వాల్టా’ అనుకునేది, ఇంకా మన చేతిలో వుంది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకుండా, వాగుల్లో ఇసుక తవ్వకాన్ని అదుపు చేసేట్టు అడిగే ఆధారం అందులో దొరుకుతుంది.

ఒక చేత్తో పునరుద్ధరణ చేస్తూ ఇంకో చేత్తో పరివాహక ప్రాంతాన్ని తెరిచెయ్యడం కూడా చూస్తున్నాం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల చుట్టూ పది కిలోమీటర్లలో 84 గ్రామాలకు రక్షణగా 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఎత్తేసింది. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళం రేడియో సమాచార కేంద్రానికి ఇచ్చి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. మూసీ ఎగువన వాగులకు నీరిచ్చే అడవి ఇదని పర్యావరణ కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. నగరంలో 55 కిలోమీటర్ల మూసీ అందం గురించి జరిగినంత చర్చ మూసీ పుట్టినచోటు గురించి జరగలేదు. అదే ఏడాది సెప్టెంబరులో నది గర్భంలో వున్నాయని నగరంలో పేదల ఇళ్ళకు గుర్తులు పెట్టారు. నదిని కాపాడే పనిలో ముందు కదిలేది పేదల గుడిసె అయితే, ఆ కాపాడడంలో ఏదో లోపం వున్నట్టే.

ఉమ్మడి వనరులను ఊళ్ళు చక్కగా నడుపుకోగలవని ప్రపంచమంతా తిరిగి రుజువులు పోగుచేసిన ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఒక పుస్తకం రాశారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆమె తేల్చిన సూత్రాల్లో ఒకటి మనకు చాలు. ఒక నియమం ఎవరి మీద పడుతుందో వాళ్ళకు ఆ నియమాన్ని మార్చడంలో చోటుండాలి. దీన్ని మన ఊళ్ళకు అన్వయిస్తే నాకు నాలుగు పనులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఏ చెరువులో పని మొదలైనా ముందు గ్రామసభలో అనుభవదారుల జాబితా రాయించాలి. ఎవరు దేనికి ఈ చెరువును వాడుతున్నారు, మేతకా, చేపకా, మట్టికా, రేవుకా, భూమి లేనివాళ్ళతో సహా పేరుపేరునా. తీర్మానం పుస్తకంలో ఎక్కిన పేరును తర్వాత కాదనడం కష్టం. రెండోది, పూడిక మట్టిలో మొదటి వాటా చిన్నకారు, అసైన్‌మెంట్ భూముల స్త్రీలది కావాలి, తోలే ఖర్చు పథకమే పెట్టుకోవాలి. మూడోది, చెరువు రూపం గీసేటప్పుడు ఒక వైపు వాలు అంచును, తుంగను, రేవును వదిలిపెట్టాలి. కట్ట అందం కంటే ముందు ఫీడరు కాల్వ బాగుపడాలి. నాలుగోది, చేపలు, ఈత చెట్లు, గడ్డి మీద వచ్చే ఆదాయంలో స్త్రీల సంఘాలకు రాతపూర్వకమైన హక్కు, మత్స్య సహకార సంఘాల్లో చేపలమ్మే స్త్రీలకు సభ్యత్వం.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలవి. కుర్చీలో కూర్చున్న ఆ స్త్రీని ఒంటరిగా వదిలేస్తే ఆమె వెనక మగవాళ్ళే పాలిస్తారు. అనుభవదారుల జాబితా పట్టుకుని ముప్ఫైమంది ఆడవాళ్ళు గ్రామసభకు వెళ్తే ఆ సర్పంచ్‌కూ బలం వస్తుంది, చెరువుకూ బలం వస్తుంది. ఒక ఊరితో మొదలుపెట్టండి. వచ్చే వానాకాలం లోపల మీ మండలంలో ఒక్క చెరువుకైనా ఆ జాబితా రాసి, తీర్మానం చేయించి, దాని నకలు ఈ సంఘం కార్యాలయానికి పంపండి. చట్టం మార్చమని అడిగేనాటికి మన చేతిలో వుండాల్సిన సాక్ష్యం అదే.